చెక్క మీద కుడి, గుడ్డ మీద ఎడమ

మచిలీపట్నం,
అక్టోబరు 14.

శ్రీమతి రాజకుమారి గారికి,

కోపం వచ్చినప్పుడే నీకు గారు తగిలిస్తానని నీకు తెలుసు. పై లైను చూడగానే సగం సంగతి అర్థమై ఉంటుంది. మిగతా సగం చెబుతాను.

మొన్న గూడూరులో ఉమాదేవి కూతురి పెళ్ళికి నేనూ వచ్చాను. భోజనాల దగ్గర నీకు ఎదురొచ్చి, నిలబడి నవ్వాను. నువ్వు తిన్నగా నా ముఖంలోకి చూశావు. చూసి, రోడ్డు పక్క కరెంటు స్తంభాన్ని దాటినట్టు నన్ను దాటి వెళ్ళిపోయావు. నా వెనకాల ఎవరో "బాగున్నారా మేడం" అంటే మాత్రం ఆగి, ఆవిడ చెయ్యి పట్టుకుని మరీ కబుర్లు చెప్పావు. నా ఆకులో వడ్డించినదాంట్లో సగం వదిలేసి బస్సెక్కాను.

నువ్వు ఫిజిక్స్ లెక్చరర్ గారివి. గుడివాడలో నీకు పేరుంది. నేను కలంకారీ అద్దకం వాళ్ళకి చెక్క మీద లతలూ చిలకలూ చెక్కిపెట్టేదాన్ని. అయినా బందరులో ఒకే బెంచీ మీద పెరిగాం కదే. ఒకటో తరగతిలో నేను పలక మీద అక్షరాలన్నీ తిరగేసి రాస్తే మాస్టారు బెత్తం తీశారు. అచ్చులు చెక్కే ఇంట్లో పుట్టిన పిల్లకి తిరగబడ్డ బొమ్మలే ముందు పరిచయమవుతాయని ఆయనకేం తెలుసు. చెక్క మీద కుడి, గుడ్డ మీద ఎడమ అని మా అబ్బా పొద్దస్తమానం అనేవాడు. అది వినీ వినీ నా చేతికి అదే దారి అలవాటైంది. అప్పుడు నువ్వు లేచి, "అద్దంలో పెట్టి చూడండి మాస్టారూ, దానిది కరెక్టే" అన్నావు. ఆ రోజు నుంచీ నీ కొంగు వదల్లేదు నేను. ఆ పిల్లేనా గూడూరులో నన్ను చూడనట్టు వెళ్ళిపోయింది?

ఇంకోటి కూడా అడగాలి. ఈ మధ్య నీ ఉత్తరాలు చదవడం నా వల్ల కావడం లేదు. లైన్లు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. బావగారి గురకకి నిద్రలేక కళ్ళు మసకబారాయా ఏమిటి? స్టేషన్లో ఆగిన గూడ్సుబండి డ్రైవరుకి కూడా ఆ గురక వినపడుతుందని నువ్వే ఒకసారి రాశావు.

ఫోను చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నాకు కోపం నిలవదు. నీ గొంతు వింటే కరిగిపోతాను. రాయాలనిపిస్తే జవాబు రాయి.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
షాహీన్


గుడివాడ,
అక్టోబరు 27.

షాహీన్,

లావు మార్కరుతో రాస్తున్నాను. పేజీకి నాలుగు ముక్కల కంటే పట్టడం లేదు. కవరు బరువు చూసి లాయరు నోటీసు అనుకుని భయపడకు.

గూడూరులో నీ చీర చూశాను. పచ్చ చీర, అంచు నిండా లతలు. మా షాహీన్ అచ్చులా ఉందే అని కూడా అనుకున్నాను. ఆ చీర కట్టుకున్న మనిషికి మాత్రం ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంది. ఏడాదిగా నేను తిన్నగా చూసిన ప్రతిచోటా ఆ మచ్చే. గోడ గడియారం చూస్తే అంకెలు చుట్టూ ఉంటాయి, ముళ్ళుండవు. క్లాసులో హాజరు పిలిస్తే పిల్లల గొంతులుంటాయి, ముఖాలుండవు. నువ్వు నవ్వావని నీ ఉత్తరం విన్నాకే తెలిసింది. నవ్వే బదులు ఒక్క మాట మాట్లాడి ఉంటే గొంతు పట్టుకుని నిన్ను వాటేసుకునేదాన్ని.

కంటి వెనకాల తెర నడిమధ్యలో అరిగిపోతోందని విజయవాడ డాక్టరు గారు చెప్పారు. అరిగింది తిరిగి రాదట. అంచులు మాత్రం మిగులుతాయట. అంటే గుమ్మం తట్టుకోకుండా నడుస్తాను కానీ, గుమ్మంలో నిలబడింది ఎవరో తెలియదు. ఈ సంగతి నీకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయపడ్డాను.

నీ ఉత్తరాలు కొన్నాళ్ళుగా నాకు చదివి వినిపిస్తున్నది ఆయనే. గురక దగ్గరికొచ్చేసరికి ఆగారు. "ఇక్కడ ఒక లైను అర్థం కావడం లేదు" అన్నారు. మనిషికి అబద్ధం చేతకాదు. చదవమన్నాను. గొంతు సవరించుకుని, గూడ్సుబండితో సహా చదివారు. ఆ రాత్రి దిండు పట్టుకుని ముందుగదిలో పడుకున్నారు.

ఇప్పుడు అసలు మాట. నా ఉద్యోగమంతా పిల్లలకి ఒక బొమ్మ వేసి చూపిస్తూ వచ్చాను. బోర్డు మధ్యలో అడ్డంగా ఒక గీత. దాని రెండు కొసల నుంచీ చెరో చెయ్యి బయల్దేరి, వంపు తిరిగి, పెద్ద చుట్టుగా విచ్చుకుంటుంది. అదొక గెలాక్సీ. కోటానుకోట్ల నక్షత్రాల ఊరు అనుకో. దానికి ముద్దుపేరు లేదు, ఎన్.జి.సి. 1365 అనే నంబరే. పుస్తకాల్లో ఆ జాతిని కడ్డీ సర్పిలం అంటారు. దక్షిణాకాశంలో కొలిమి అనే చిన్న నక్షత్రమండలం ఉంది, ఆ వైపు చూడాలి. వెడల్పులో మన పాలపుంతకి రెండింతలు. అక్కడి నుంచి బయల్దేరిన వెలుగు మనల్ని చేరడానికి ఐదు కోట్ల అరవై లక్షల ఏళ్ళు పడుతుంది. ఇన్నేళ్ళు దాని గురించి చెప్పాను కానీ, ఒక్కసారి కూడా నా కంటితో చూడలేదు.

ఈ మచ్చ ఇంకా పెరగకముందే దాన్ని చూడాలి షాహీన్. ఇంకేమీ అడగను. నా దగ్గర చదువుకున్న దుర్గాశ్రీనివాస్ ఇప్పుడు దివిసీమలో సైన్స్ మాస్టారు. మంచి టెలిస్కోపు కొనుక్కున్నాడు. పుష్య అమావాస్య నాడు చీకటి పడుతూనే అది దక్షిణాన బాగా పైకి వచ్చి ఉంటుందనీ, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే దీపాల వెలుగు ఉండదనీ చెప్పాడు. నువ్వూ రావాలి.

నీ రాజీ


మచిలీపట్నం,
నవంబరు 6.

రాజీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీ కళ్ళ గురించి ఒకసారి, నా నోటి దురద గురించి ఇంకోసారి. అంత కటువుగా రాసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బావగారూ, ఈ నాలుగు ముక్కలూ మీకు. గురక మాట వెనక్కి తీసుకుంటున్నాను. గూడ్సుబండి మాట మీ ఆవిడది, దాన్ని ఆవిడే వెనక్కి తీసుకోవాలి. దయచేసి ఈ లైను గట్టిగా చదవండి.

కడ్డీ అని ఎవరు పెట్టారే ఆ పేరు? మా ఇంట్లో కడ్డీ అంటే ఊదుకడ్డీ ఒక్కటే. నీ బొమ్మ సంగతి అమ్మీకి చెప్పాను. మా అమ్మ జైతూన్ బీ గారి ప్రశ్నలు వినిపిస్తాను, జవాబులు రాయి. మొదటిది, అంత పొడుగు కడ్డీ మధ్యలో అడ్డంగా ఉంటే తిరిగేటప్పుడు విరిగిపోదా? రెండోది, ఆ వెలుగు బయల్దేరినప్పుడు బందరు ఉందా? మూడోది నాది. అక్కడ ఎవరైనా ఉండి మన వైపు చూస్తే వాళ్ళకి మనం ఎలా కనపడతాం?

నాకు చదువు అబ్బలేదు కానీ, నువ్వు రాసిన అంకె చదివినప్పటి నుంచీ మనసు ఒక చోట ఉండడం లేదు. నిన్న లత చెక్కుతూ చెక్కుతూ ఉలి ఆపేశాను. ఐదు కోట్ల ఏళ్ళు దారిలో ఉన్న వెలుగుని, నీ కన్ను మసకబారే ఈ నాలుగు రోజుల్లో పట్టుకోవాలని నువ్వు పరుగెత్తుతున్నావు. భయమూ వేసింది, నిన్ను చూస్తే గర్వమూ వేసింది.

అమావాస్యకి తప్పకుండా వస్తాను.

షాహీన్


నాగాయలంక,
జనవరి 30.

షాహీన్,

ఇది నేను చెబుతుంటే ఆయన రాస్తున్నారు. అక్షరాలు కుదురుగా ఉన్నాయి కాబట్టి నువ్వు ఈపాటికే కనిపెట్టి ఉంటావు. జైతూన్ పిన్నికి ఆయాసం తగ్గిందా? ఆవిణ్ణి ఆ దగ్గులో వదిలి రానందుకు నాకు కోపం లేదు. నువ్వు పక్కన లేని లోటు మాత్రం ఉంది. అందుకే మంచం దిగగానే రాయిస్తున్నాను.

నిన్న సాయంత్రం రొయ్యల చెరువులన్నీ దాటి కరకట్ట మీద ఆగాం. వెనక ఊరి దీపాలు, ముందు మడ చెట్లు, వాటి అవతల సముద్రం. పడమట శుక్రుడు నాకు కూడా తెలిసేంత వెలుగుతో ఉన్నాడు. చీకటి చిక్కబడగానే దుర్గాశ్రీనివాస్ టెలిస్కోపు దక్షిణానికి తిప్పి, ఏవో సరిచూసుకుని, రండి మేడం అన్నాడు.

కన్ను పెట్టాను. మచ్చ తప్ప ఏమీ లేదు. కన్ను మార్చాను. అదే మచ్చ. ఆలస్యం చేశాను, ఇక లాభం లేదు అనుకున్నాను. లేవబోతుంటే ఆ అబ్బాయి నెమ్మదిగా అన్నాడు. "తిన్నగా చూడకండి మేడం. తిన్నగా చూస్తే నాకూ కనపడదు. ఓరకంట చూడండి. చూపు పక్కకి పెట్టి, ధ్యాస దాని మీద ఉంచండి."

ఈ కిటుకు నేనే వాళ్ళకి క్లాసులో చెప్పానట. మసక వెలుగుని పట్టుకునేది కంటి నడిమధ్య కాదు, అంచులు. నాకు మిగిలింది ఆ అంచులే షాహీన్. చూపు పక్కకి జరిపాను. ముగ్గేస్తుంటే వేళ్ళ నుంచి జారిన చిటికెడు పిండి మీద గాలి ఊదినట్టు, నల్లటి ఆకాశం మీద ఒక తెల్లటి మసక. ఊపిరి బిగబట్టి చూశాను. కదలకుండా అక్కడే ఉంది. ఈయన చాలాసేపు కన్ను పెట్టి, అక్కడేమీ లేదు అన్నారు. (నిజమే. తరవాత నాకూ కనపడింది. –రాస్తున్నవాడు, సో.రా.)

పిన్ని అడిగినవాటికి జవాబులు చెబుతాను. కడ్డీ అంటే కర్ర కాదు, బారులు తీరిన నక్షత్రాలు. రేషను షాపు ముందు క్యూ అనుకో. మనుషులు వస్తూ పోతూ ఉంటారు, క్యూ మాత్రం ఉంటుంది. అందుకని విరగదు. దాన్ని ఆనుకునే వాయువు లోపలికి, నడిమధ్యకి పారుతుంది, మన కాలవల్లో నీరు పారినట్టే. అది చేరిన చోట కొత్త నక్షత్రాలు పుడతాయి. ఆ నట్టనడుమ ఒక కృష్ణబిలం ఉంది, అందులో పడినది ఏదీ బయటికి రాదు. నేను చూసిన వెలుగు బయల్దేరినప్పుడు బందరు లేదు. మనిషే లేడు. దివిసీమ ఉన్న ఈ చోట సముద్రం ఉండేది. ఈ నేలంతా కృష్ణ తెచ్చి పోసిన మట్టే కదా, అప్పటికి ఆ మట్టి ఇంకా కొండల మీదే ఉంది. ఆ వెలుగు అంతదూరం, ఎక్కడా ఆగకుండా వచ్చి, పాడైపోయిన నా కంట్లో ఆగింది.

(ఇక్కడ ఆవిడ లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. –సో.రా.)

నీ ప్రశ్న కూడా మర్చిపోలేదు. అక్కడి వాళ్ళకీ మనం చిటికెడు పిండే. మన పాలపుంతకీ మధ్యలో కడ్డీ ఉంది. మనం లోపలే కాపురం ఉంటున్నాం కాబట్టి దాని ఆకారం మనకి కనపడదు.

ఒక్క కొరత మిగిలిపోయింది. నాకు కడ్డీ కనపడలేదు. చేతులూ కనపడలేదు. దుర్గాశ్రీనివాస్ ఫోన్లో పెద్ద ఫొటో చూపించాడు. ఎంత పెద్దది చేసినా నడిమధ్యంతా మచ్చే మింగేసింది. అది అక్కడ ఉందని తెలుసుకున్నాను. ఎలా ఉంటుందో మాత్రం ఇక ఎప్పటికీ చూడలేను. నేను బోర్డు మీద వేసిన బొమ్మ కూడా రోజురోజుకీ తలలోంచి చెరిగిపోతోంది. అది పోతే ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

నీ రాజీ


మచిలీపట్నం,
ఫిబ్రవరి 21.

రాజీ,

పార్సిలు విప్పకముందే ఈ ఉత్తరం చదివించుకో. బావగారూ, కత్తెర పక్కన పెట్టి ముందు ఇది చదవండి.

నీ ఉత్తరం వచ్చిన రోజే దుర్గాశ్రీనివాస్‌కి ఫోన్ చేసి ఆ ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. చూసి చాలాసేపు ఉలి ముట్టుకోలేకపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని లతలు చెక్కి ఉంటాను చెప్పు. లతకి ఎక్కడో ఒక మొదలుంటుంది, ఒక కొస ఉంటుంది. దీనికి మొదలు నడుమే. నడుమ నుంచి రెండు వైపులకీ ఒక్కసారే బయల్దేరి, ఒకదాన్నొకటి పట్టుకోబోయి పట్టుకోకుండా వెళ్ళిపోతాయి ఆ చేతులు. ఏ మనిషీ గీయకుండా ఇంత చక్కటి వంపు ఎలా వచ్చిందే? అమ్మీ అయితే చూసి, అల్లా అని ఊరుకుంది.

పాత టేకు చెక్క ఒకటి అబ్బా దాచి ఉంచింది ఉంది. ఏదైనా గొప్ప పనికి అని దాచాడు. ఇంతకంటే గొప్ప పని నాకిక రాదు. ఫొటో చూసి కాగితం మీద గీసి, చెక్క మీద ఆ కాగితాన్ని బోర్లా అంటించి చెక్కాను. నక్షత్రాలు దట్టంగా ఉన్న చోట ఎత్తుగా ఉంచాను, పలచబడిన చోట లోతుగా తీశాను. కడ్డీ నీ చూపుడువేలంత లావుంటుంది. నట్టనడుమ చిన్న గుంట పెట్టాను, అదే నీ కృష్ణబిలం. మన కృష్ణమ్మ పేరే దానికీ పెట్టారు, సంతోషించాను. వేలికి పేళ్ళు గుచ్చుకోకుండా నూనె పట్టించి నున్నగా రుద్దాను.

పూర్తయ్యాక అమ్మీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో చుట్టూ తడిమింది. హజ్‌కి వెళ్ళినప్పుడు మసీదు పై అంతస్తు నుంచి చూస్తే జనమంతా కాబా చుట్టూ ఇలాగే తిరుగుతూ కనపడ్డారట. "ఇది తవాఫ్ చేస్తోందే" అంది. అని, చాలాసేపు దాన్ని వదల్లేదు.

రాజీ, ఇది అద్దకానికి కాదు. నీకు. కళ్ళు మూసుకుని, తొందరపడకుండా తడుము. నీ బొమ్మ చెరిగిపోదు. అందుకు నేను పూచీ.

షాహీన్


గుడివాడ,
మార్చి 8.

షాహీన్,

అచ్చు అందింది. ఆ మొదటి సాయంత్రం గురించి చెబుతాను. ఆయన్ని కూడా గదిలోంచి పంపేసి, తలుపు వేసుకుని తడిమాను. కడ్డీ దొరికింది. గుంట దొరికింది. కడ్డీ కొస దాకా వెళ్ళి, అక్కడ మలుపు తిరిగి చెయ్యి మొదలవగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అంతదూరంలోని పదార్థం నా వేలి కింద పాకుతున్నట్టే అనిపించింది. పెద్దగా ఏడ్చాను. ఆయన తలుపు కొట్టారు.

మర్నాడు మళ్ళీ తడిమాను. అప్పుడు తెలిసింది. అది తప్పు వైపు తిరుగుతోంది.

ఇక్కడి నుంచి చూస్తే ఆ గెలాక్సీ గుడి చుట్టూ మనం తిరిగే వైపే, ప్రదక్షిణంగా తిరుగుతుంది. తిరిగేటప్పుడు చేతులు వెనకబడతాయి, గిరగిరా తిరిగే పిల్ల పరికిణీలాగా. ఏ చెయ్యి ఎటు వంగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా వేళ్ళకి మాత్రం అన్నీ ఎదురు వైపు తగులుతున్నాయి. అచ్చుని తలకిందులు చేశాను, పక్కకి తిప్పాను, ఎంత తిప్పినా అంతే. ఆయన్ని అడిగాను. బాగానే ఉంది కదా అన్నారు. నేను ఏం అడుగుతున్నానో కూడా ఆయనకి తెలియలేదు, నన్ను సంతోషపెట్టడానికి అన్నారు.

నువ్వు ఫొటో చూసి చెక్కావు. నీ చెయ్యి తప్పదు. తప్పింది నా వేళ్ళే. కళ్ళు పోతే వేళ్ళున్నాయి అనుకున్నాను. అవి కూడా కుడిని ఎడమ అంటుంటే ఇక నేను దేన్ని నమ్మాలి? పాఠం చెప్పేదాన్ని, నా తలలోని బొమ్మనే నమ్మలేకపోతున్నాను.

అచ్చుని బీరువాలో పెట్టాను. నీ మీద ఏమీ లేదు. కొన్నాళ్ళు రాయకు. నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

రాజకుమారి


మచిలీపట్నం,
మార్చి 14.

రాజీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. బావగారూ, ఆవిడ వద్దన్నా చదవండి. తలుపు వేసుకుంటే తలుపు బయట నిలబడి చదవండి.

ఉపవాసంతో, ఎండకి సోలిపోయి కూర్చున్నప్పుడు నీ ఉత్తరం వచ్చింది. చదివి పెద్దగా నవ్వాను. తరవాత తల బాదుకున్నాను. మళ్ళీ నవ్వాను. అమ్మీ వచ్చి నా నుదురు పట్టుకు చూసింది.

నీ వేళ్ళకి నా సలాం. అవి అక్షరాలా నిజం చెప్పాయి. తప్పింది నా చెయ్యి.

కాగితం బోర్లా అంటించాను అని రాశాను కదే. ఎందుకు బోర్లా? అచ్చు ఎప్పుడూ తిరగేసే చెక్కాలి. అప్పుడే గుడ్డ మీద తిన్నగా పడుతుంది. చెక్క మీద కుడి, గుడ్డ మీద ఎడమ. అచ్చుని ఎవరూ చూడరు, అద్దుతారు. ఇది అద్దకానికి కాదు, నీకు అని నోటితో అన్నాను, ఉత్తరంలో రాశాను. చేతికి మాత్రం ఆ మాట వినపడలేదు. అది దాని దారిన అది తిరగేసుకుంటూ పోయింది. నీ వేళ్ళు గుడ్డ కాదని దానికి తట్టలేదు. ఒకటో తరగతిలో పలక మీద చేసిన తప్పే ఈ వయసులో మళ్ళీ చేశాను. ఒక్క తేడా ఉంది. ఈసారి దెబ్బ నీకు తగిలింది.

వెంటనే ఇంకో చెక్క తీసి తిన్నగా చెక్కబోయాను. పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి చూసుకుంటే ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు వంగి ఉన్నాయి. అలాంటి గెలాక్సీ అల్లా సృష్టిలో ఉండదు. పండగ వెళ్ళనీ. పట్టుబట్టి తిన్నగా చెక్కి తెస్తాను, ప్రాణం పోయినా సరే.

ఆ అచ్చు నీకు పంపేముందు అలవాటుగా ఒక గుడ్డ మీద నల్లరంగులో అద్ది చూసుకున్నాను. అది దీంతో పంపుతున్నాను. అది సరైన వైపే తిరుగుతుంది. బావగారూ, ఈసారైనా చూసి నిజం చెప్పండి. ఆవిడకి కావలసింది సంతోషం కాదు, నిజం.

బీరువా తలుపు తియ్యవే.

షాహీన్


గుడివాడ,
ఏప్రిల్ 2.

షాహీన్,

ఈ ఏడాది ఉగాదీ, రంజానూ పక్కపక్కనే వచ్చి మంచిపని చేశాయి. మా పచ్చడి చేదు నోట్లో ఉండగానే మర్నాడు నీ సేమ్యా డబ్బా బస్సులో దిగింది. ఆయన రెండు రోజులు తిన్నారు. గురకలో కూడా తేడా వచ్చిందని రాయమన్నారు.

నీ ఉత్తరం ఆయన నిజంగానే తలుపు బయట నిలబడి చదివారు. ఉలి, చెక్క, బోర్లా, అన్నీ వినపడ్డాయి. తలుపు తీసి, బీరువా తీశాను. వేళ్ళు నావే, అవి నిజమే చెబుతాయి అనుకోగానే ప్రాణం లేచి వచ్చింది. అయినా అచ్చు తప్పుదే కదా అని కొంచెం బాధ మిగిలింది. నువ్వు తిన్నగా చెక్కింది వచ్చేదాకా ఆగుదాం అనుకుని, దాన్ని గుండెల మీద పెట్టుకుని మంచం మీద పడుకున్నాను.

పైన ఫ్యాను తిరుగుతోంది. రెక్కలు కనపడవు కానీ, కదలిక నా కంటి అంచులకి బాగా తెలుస్తుంది. ఎడమకి తిరుగుతోంది. మొన్న ఉగాదికి ఆయన స్టూలెక్కి ఆ ఫ్యాను దుమ్ము దులిపారు. ఆ ఎత్తు నుంచి, పైనుంచి చూసేవాళ్ళకి అదే ఫ్యాను కుడికి తిరుగుతుంది. ఇంత చిన్న విషయం. చప్పున లేచి కూర్చున్నాను.

షాహీన్, నువ్వు చెక్కింది తప్పు కాదు. ఆ గెలాక్సీయే అది. దాని వెనక పక్కకి వెళ్ళి నిలబడి చూస్తే సరిగ్గా అలాగే ఉంటుంది. అవే చేతులు, అదే కడ్డీ, అదే గుంట, ఎదురు వైపు వంపు. మనకి దాని ఈ పక్కే తెలుసు. ఎంత పెద్ద టెలిస్కోపు కట్టినా ఈ పక్క నుంచే చూడాలి. వెలుగుకే అన్ని కోట్ల ఏళ్ళు పట్టే దూరం దాటి, దాని అవతలికి వెళ్ళి, వెనక్కి తిరిగి చూసిన మనిషి భూమ్మీద పుట్టలేదు, పుట్టబోడు. మచిలీపట్నంలో కూర్చుని, చేతి అలవాటు కొద్దీ, నువ్వు నన్ను అక్కడికి పంపావు. నా వేలు దాని మీద ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి.

పిన్నికి నా మాటగా చెప్పు. ఆవిడకి తోచిందే నిజం. ఈ పక్క నుంచి అది ప్రదక్షిణం చేస్తోంది. ఆ పక్క నుంచి, ఎడమకి తిరుగుతూ, తవాఫ్ చేస్తోంది. రెండు తిరగడం లేదు, తిరిగేది ఒక్కటే.

తిన్నగా ఇంకోటి చెక్కకు. నీ చేతిని బలవంతపెట్టకు, దాన్ని అలాగే ఉండనీ. ఒకటో తరగతిలోనే మాస్టారితో చెప్పాను, దానిది కరెక్టే అని.

నువ్వు అద్దిన గుడ్డని ఆయన ముందుగదిలో గోడకి తగిలించారు. ఇంటికొచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి చాలాసేపు చూస్తారు. చూసి, నా వైపు తిరిగి, పాపం మేడంకి ఇది కనపడదు కదా అని ఆయనతో మెల్లగా అంటారు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ గుడ్డకి ఎదురుగా, అచ్చు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. వాళ్ళు ఇటు నుంచి చూస్తుంటారు. నేను అటు నుంచి చూస్తుంటాను.

నీ రాజీ